కార్ట్రిడ్జా, సేఫ్టీ రేజరా? ముందు మీ మెడ చూసుకోండి

గడ్డం గీసుకున్న మర్నాడు ఒకసారి మెడ మీద చెయ్యి వేసి చూడండి. కంఠం పక్కన, దవడ ఎముక కింద చిన్న చిన్న పొక్కులు చేతికి తగులుతున్నాయా? చొక్కా కాలర్ రాసుకుంటే మంటగా ఉంటోందా? ఏ రేజర్ కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం మీ ఇంటి నీళ్ళలోనూ, పొద్దున పూట అద్దం ముందు మీకు దొరికే నిమిషాల్లోనూ ఉంది. ఖర్చు సంగతి ఆ తర్వాత.

ఈ ఏడాది మా ఇంట్లో ఈ ప్రశ్న రెండుసార్లు వచ్చింది. ఇంజినీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వెళ్తూ మా మేనల్లుడు "మామయ్యా, ఏ రేజర్ కొనుక్కోను?" అని అడిగాడు. ఆ నెలలోనే మా నాన్నకు చెయ్యి వణకడం ఎక్కువై, ఆయనకు నేనే గడ్డం గీయడం మొదలుపెట్టాను. నేను ఏడేళ్ళుగా సేఫ్టీ రేజర్ వాడుతున్నాను, దాని మీద నాకు చాలా ఇష్టం ఉంది. అయినా వాళ్ళిద్దరిలో ఒక్కరికి కూడా దాన్ని ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెబితే మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవడం సులువవుతుందని ఇది రాస్తున్నాను.

ముందు పేర్లు. సేఫ్టీ రేజర్ అంటే మన నాన్నలు, తాతలు "షేవింగ్ సెట్టు" అని పిలిచిందే. పిడి, దాని మీద ఒక పలక, పైన ఒక మూత, మధ్యలో రెండువైపులా పదునున్న పల్చటి బ్లేడు. మూత బిగిస్తే బ్లేడు కొంచెం వంగి, రెండు పక్కలా అంచు మాత్రం బయటికి కనిపిస్తుంది. సెలూన్లలో వాడే కత్తిలో పెట్టేది కూడా ఈ బ్లేడునే, నిలువుగా రెండు ముక్కలు చేసి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసేది కూడా ఈ సగం బ్లేడుతోనే. కార్ట్రిడ్జ్ రేజర్ అంటే పిడి చివర తగిలించే ప్లాస్టిక్ తల, అందులో కదలకుండా అమర్చిన రెండు, మూడు, అయిదు సన్నటి బ్లేడ్లు. అరిగితే తల మొత్తం పారేసి కొత్తది తగిలిస్తాం.

బ్లేడ్ల లెక్క, మెడ మీది పొక్కులు

రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ 1971లో వచ్చింది. మూడు బ్లేడ్లది 1998లో, అయిదు బ్లేడ్లది 2006లో. బ్లేడు పెరిగిన కొద్దీ నునుపు పెరుగుతుందని ప్రకటనల్లో చెబుతూ వచ్చారు. అది అబద్ధం కాదు. మొదటి బ్లేడు వెంట్రుకను పట్టుకుని కొంచెం బయటికి లాగుతూ కోస్తుంది. అది లోపలికి జారిపోయేలోపే వెనక బ్లేడు ఇంకాస్త కిందికి కోస్తుంది. ఆ తర్వాత మిగిలిన మొదలు చర్మం మట్టానికి కిందికి వెళ్ళిపోతుంది. అందుకే అయిదు బ్లేడ్లతో గీసుకున్న సాయంత్రం కూడా బుగ్గ నున్నగానే ఉంటుంది.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. వెంట్రుక తిన్నగా పెరిగేవాళ్ళకు ఏమీ కాదు. ఉంగరాలు తిరిగే గడ్డం ఉన్నవాళ్ళకు, చర్మం కిందికి వెళ్ళిన ఆ మొదలు మళ్ళీ పైకి వచ్చేటప్పుడు తన రంధ్రంలోంచి తిన్నగా రాకుండా పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు దిగినట్టే భావిస్తుంది. ఎర్రగా పొంగుతుంది, ఒక్కోసారి చీము పడుతుంది, మానాక నల్లటి మచ్చ మిగులుతుంది. మన ఒంటి రంగుకు ఆ మచ్చలు నెలల తరబడి కనిపిస్తాయి. దీన్ని చాలామంది వేడి చేసిందనుకుంటారు, క్రీము పడలేదనుకుంటారు, నీళ్ళు మార్చి చూస్తారు. నేనూ నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను. లోషన్లు మార్చాను, గంధం రాశాను, పటిక రుద్దాను. చివరికి చర్మ వైద్యురాలు మెడ మీద వెలుతురు వేసి చూసి, చర్మంలోపల సుడి తిరిగి ఉన్న ఒక వెంట్రుకను సూదితో పైకి లేపి చూపించారు. "మీ గడ్డానికి ఇంత దగ్గరగా గీయకూడదు, ఒక్క బ్లేడు చాలు" అన్నారు. నా విషయంలో ఆ మాట నిజమైంది. రెండు నెలల్లో పొక్కులు దాదాపు పోయాయి, మచ్చలు పోవడానికి ఏడాది పట్టింది.

కాబట్టి మెడ మీద పొక్కులు లేనివాళ్ళు, ఇప్పుడు వాడుతున్న కార్ట్రిడ్జ్‌తో హాయిగా ఉన్నవాళ్ళు, ఎవరో పొగిడారని మార్చుకోవాల్సిన పని లేదు. పొక్కులు ఉన్నవాళ్ళు మాత్రం బ్లేడ్ల సంఖ్య తగ్గించుకోవడం గురించి గట్టిగా ఆలోచించాలి. ఒక్క బ్లేడు ఉన్నది సేఫ్టీ రేజర్ ఒక్కటే కాదు, ఆ సంగతి కింద చెబుతాను. చీము పడుతున్నా, గట్టిగా గడ్డలు కడుతున్నా రేజర్ కొట్టుకు వెళ్ళేముందు డాక్టరుకు చూపించండి. కొన్నాళ్ళు అసలు గీయకుండా, ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకోమని కూడా చెప్పొచ్చు.

చేతి బరువు

ఈ రెండు రేజర్ల మధ్య అసలైన తేడా ఏమిటని ఒక్క మాటలో అడిగితే, ఒత్తడం అంటాను. కార్ట్రిడ్జ్‌లో బ్లేడ్లు ఏ కోణంలో తగలాలో ఫ్యాక్టరీలోనే నిర్ణయించేశారు. తల అటూ ఇటూ ఊగుతూ దవడ వంపుకు తానే సర్దుకుంటుంది. ముందున్న రబ్బరు చారలు చర్మాన్ని సాగదీస్తాయి, పైనున్న పట్టీ తడి తగలగానే జారుగా అవుతుంది. మీరు గట్టిగా అదిమినా అది చాలావరకు ఓర్చుకుంటుంది. అందువల్ల మనకు అదిమే అలవాటు పడిపోతుంది. బ్లేడు మొద్దుబారిన కొద్దీ ఇంకా అదుముతాం.

సేఫ్టీ రేజర్ దాన్ని ఓర్చుకోదు. కోణం మీ మణికట్టులో ఉంటుంది. లోహపు పిడి, తల కలిపి డెబ్బై ఎనభై గ్రాములు ఉంటాయి, ఆ బరువే సరిపోతుంది. చెయ్యి దాన్ని తీసుకెళ్ళాలి, అంతే. గోడకు సున్నం వేసేవాడు కుంచెను ఎలా నడిపిస్తాడో అలా. అదిమారా, గాటు పడుతుంది. మొదటి వారం నాకు రోజుకు రెండు గాట్లయినా పడ్డాయి, అన్నీ గడ్డం కొన మీదా, పై పెదవి మూలల్లోనూ. మూడో వారానికి ఆగిపోయాయి. ఆ మూడు వారాల ఓపిక మీకు ఉందా లేదా అన్నది నిజంగా ఆలోచించుకోవాల్సిన విషయం. పెళ్ళిచూపుల ముందు రోజో, ఇంటర్వ్యూ పొద్దునో మొదలుపెట్టొద్దు.

నీళ్ళ కథ

మన దేశంలో ఈ ఎంపికను అన్నిటికంటే ఎక్కువగా ప్రభావితం చేసేవి నీళ్ళే. దీనికి ఒక పాఠం ఉంది. జిలెట్ కంపెనీ 2002లో మన దేశం కోసం వెక్టర్ అనే రెండు బ్లేడ్ల రేజర్ తెచ్చింది. దాన్ని ముందుగా పరీక్షించింది అమెరికాలోని ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల మీద. వాళ్ళకు బాగా నచ్చింది. ఇక్కడికి వచ్చేసరికి కథ మారిపోయింది. అమెరికాలో కుళాయి విప్పి ధార కింద పెడితే బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు కొట్టుకుపోతాయి. ఇక్కడ ఎంతోమంది చిన్న గ్లాసుడు నీళ్ళు పక్కన పెట్టుకుని, చేతి అద్దం గోడకు ఆనించి, ఆ గ్లాసులోనే ముంచి ముంచి గీసుకుంటారు. పైగా రోజూ గీసుకోరు, నాలుగైదు రోజుల గడ్డం ఉంటుంది. గ్లాసులో ఎంత ఆడించినా పొడుగు వెంట్రుకలు బ్లేడ్ల మధ్య నుంచి రావు.

ఆ దెబ్బ తర్వాత కంపెనీ మనుషులు మన ఊళ్ళకు వచ్చి, ఇళ్ళలో కూర్చుని, జనం గడ్డం గీసుకునే తీరు చూశారు. దాని ఫలితమే 2010లో వచ్చిన గార్డ్. ఒకే బ్లేడు, దాని ముందు చిన్న దువ్వెన లాంటి పళ్ళు, సులువుగా కడుక్కోవడానికి వెనక పెద్ద ఖాళీ. మూడు బ్లేడ్ల మ్యాక్3లో పాతిక భాగాలుంటే ఇందులో నాలుగే. మొదట్లో రేజర్ ధర 15 రూపాయలు, కార్ట్రిడ్జ్ 5 రూపాయలు పెట్టారు. రేజర్ల గురించి ఇష్టంగా మాట్లాడుకునేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు, చవకది కదా అని. నా దృష్టిలో అది అన్యాయం. ఒక్క బ్లేడే కాబట్టి పొక్కుల బాధ తక్కువ, కోణం స్థిరంగా ఉంటుంది కాబట్టి నేర్చుకోవాల్సిందీ తక్కువ. కార్ట్రిడ్జా, సేఫ్టీ రేజరా అని ఊగిసలాడేవాళ్ళు ఈ మూడో దారిని తప్పక చూడాలి.

సేఫ్టీ రేజర్ విషయంలో గ్లాసు నీళ్ళు చాలు. నురగ, వెంట్రుకలు ఒక్క ఊపుతో దిగిపోతాయి. మరీ పేరుకుంటే మూత వదులు చేసి కడిగితే మొత్తం శుభ్రం. అయ్యప్ప మాల తీశాక నలభై రోజుల గడ్డం దించాల్సి వచ్చినప్పుడు కార్ట్రిడ్జ్ ఎంత సతాయిస్తుందో మాల వేసుకున్న వాళ్ళకు తెలుసు. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టి చేసుకోవాల్సిందే, ఆ తర్వాత మాత్రం సేఫ్టీ రేజర్ ఎక్కడా ఆగకుండా నడుస్తుంది.

ఇంకో నీళ్ళ సంగతి, బోరు. హైదరాబాదు శివార్లలో, తెలంగాణ జిల్లాల్లో చాలా ఇళ్ళకు ఉప్పు నీళ్ళే దిక్కు. బకెట్టు అడుగున తెల్లగా పేరుకునే ఆ నీళ్ళలో సబ్బు నురగ నిలబడదు, బ్రష్ ఎంత తిప్పినా పల్చగా విరిగిపోతుంది. కార్ట్రిడ్జ్ వాడేవాళ్ళకు ఆ జారుడు పట్టీ కొంత కాపాడుతుంది. సేఫ్టీ రేజర్‌కు ఆ సాయం లేదు, నురగ సరిగా లేకపోతే మంట తప్పదు. నేను చేసే పని ఇది. తాగే నీళ్ళు ఒక చిన్న గ్లాసుడు వేడి చేసుకుని, బ్రష్ తడపడానికి, నురగ కట్టడానికి వాటినే వాడతాను. రేజర్ కడగడానికి బోరు నీళ్ళు ఫరవాలేదు. సేఫ్టీ రేజర్ తనకు పడలేదని వదిలేసిన మా పక్కింటాయనకు ఈ ఒక్క మార్పుతో పడింది.

డబ్బు లెక్క

వారానికి మూడుసార్లు గీసుకుంటే ఏడాదికి దాదాపు 156 సార్లు. సేఫ్టీ రేజర్ బ్లేడు ఒక్కోటి నాలుగుసార్లు వస్తుందనుకుంటే 39 బ్లేడ్లు. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, సూపర్‌మ్యాక్స్ లాంటివి ఒక్కోటి 4 రూపాయలని వేసుకుంటే ఏడాదికి 156 రూపాయలు. మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ 150 రూపాయలనుకుని, పన్నెండుసార్లకు మార్చినా ఏడాదికి 13 కావాలి. అంటే 1950 రూపాయలు. ఒకే బ్లేడు కార్ట్రిడ్జ్ 12 రూపాయలది ఆరుసార్లకు మారిస్తే 26 కావాలి, 312 రూపాయలు. మీ ఊళ్ళో ధరలు వేసుకుని మీరే లెక్క చూసుకోండి, తేడా మాత్రం ఇదే తీరులో ఉంటుంది.

ఇంత తేడా ఎందుకంటే, రెండంచుల బ్లేడుకు యజమాని లేడు. కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికన్ 1903లో ఈ రేజర్ అమ్మకం మొదలుపెట్టినప్పుడు ఆ ఏడంతా అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంట్ వచ్చింది, 1921తో ముగిసింది. అప్పటి నుంచి ఎవరైనా చేయొచ్చు. ఈ రోజు కొనే జర్మనీ రేజర్‌లో వీధి చివర కొట్టులో దొరికే బ్లేడు పడుతుంది, మీ తాతగారి రేజర్‌లో జపాన్ బ్లేడు పడుతుంది. కార్ట్రిడ్జ్ అలా కాదు. పిడి ఏ కంపెనీదైతే తలలు కూడా సాధారణంగా ఆ కంపెనీవే కొనాలి, వాళ్ళు పెట్టిన ధరకే.

అయితే చాలా ఇళ్ళలో 1950 రూపాయలు ఖర్చు కావు. ఎందుకంటే మనం కార్ట్రిడ్జ్‌ని పన్నెండుసార్లకు మార్చం. మూడు నెలలు లాగుతాం. ఖరీదైన వస్తువు కదా, పారేయడానికి మనసు ఒప్పదు. మొద్దుబారిన మూడు బ్లేడ్లతో అదిమి అదిమి గీసుకుని మెడను పాడు చేసుకుంటాం. నా మెడ విషయంలో జరిగింది ఇదే. నాలుగు రూపాయల బ్లేడులో నాకు కనిపించిన పెద్ద లాభం మిగిలిన డబ్బు కాదు, దాన్ని వెంటనే పారేయగలగడం. నాలుగోసారి లాగినట్టు అనిపించిందా, తీసేస్తాను.

బ్లేడు మొద్దుబారడం గురించి 2020లో ఎంఐటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఆసక్తికరమైన విషయం ప్రచురించారు. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు యాభై రెట్లు మెత్తన. అయినా అంచు పాడవుతుంది, ఎందుకంటే అది సమంగా అరిగిపోవడం కంటే చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతుంది. వెంట్రుక ఏటవాలుగా వంగి అంచుకు తగిలినప్పుడు, ఉక్కులో అప్పటికే కొంచెం బలహీనంగా ఉన్న చోట పెచ్చు లేస్తుంది. రేజర్ ఏదైనా, గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టమని పెద్దలు చెప్పే మాటను నేను తు.చ. తప్పకుండా పాటిస్తాను. నీళ్ళు పీల్చిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. స్నానం చేశాక గీసుకుంటే ఇంకా మంచిది.

కార్ట్రిడ్జే సరైన చోట్లు

మా నాన్న నలభై ఏళ్ళు సేఫ్టీ రేజర్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. ఆదివారం వరండాలో కుర్చీ వేసుకుని, స్టీలు గ్లాసు, అద్దం పెట్టుకుని, అరగంట కూర్చునేవారు. చెయ్యి వణకడం మొదలయ్యాక కూడా దాన్నే పట్టుకున్నారు. చెవి కింద లోతుగా తెగింది. రక్తం పల్చబడడానికి మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి పది నిమిషాలు ఒత్తిపెట్టినా ఆగలేదు. ఆ రోజు నుంచి నేనే గీస్తున్నాను, మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌తో.

ఇంకొకరికి గీయడం వేరే విద్య. మన ముఖం మీద ఎక్కడ నొప్పి పుడుతుందో చెయ్యికి ముందే తెలుస్తుంది. ఎదుటి మనిషి ముఖం మీద అది తెలియదు. వయసు మీద పడిన చర్మం పల్చగా, ముడతలుగా ఉంటుంది. ఆయన మాటల మధ్యలో తల తిప్పుతారు. అలాంటప్పుడు ఊగే తల ఉన్న రేజరే మేలు. మంచం పట్టిన పెద్దవాళ్ళకు సేవ చేస్తున్నవాళ్ళందరికీ ఇదే చెబుతాను. చెయ్యి వణికేవాళ్ళు, చూపు తగ్గినవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, షుగరు వల్ల పుండ్లు త్వరగా మానని వాళ్ళు కార్ట్రిడ్జ్ వాడండి, లేదా ఎలక్ట్రిక్ షేవర్ చూడండి. పాత అలవాటు మీద ప్రేమతో ఇక్కడ పట్టుబట్టకూడదు.

ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్ళకు కూడా కార్ట్రిడ్జే. విమానంలో చేతి సంచీలో విడి బ్లేడు పెట్టుకోనివ్వరు, కార్ట్రిడ్జ్ ఉంటే సాధారణంగా ఆపరు. అమెరికాలో ఉండే మా బావగారు వచ్చే ప్రతిసారీ సేఫ్టీ రేజర్ చేతి సంచీలో, బ్లేడ్లు చెకిన్ పెట్టెలో వేసుకుంటారు. లేదంటే ఇక్కడ దిగాక కొనుక్కుంటారు, మన దగ్గర ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి కాబట్టి. వారంలో నాలుగు రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగమైతే ఆ తలనొప్పి అక్కర్లేదు.

గుండు నున్నగా ఉంచుకునేవాళ్ళు చాలామంది కార్ట్రిడ్జ్‌తోనే సుఖపడతారు. తల వెనక మనకు కనిపించదు, కోణం చూసుకోలేం.

ఇక రోజూ ఏడు గంటల షటిల్‌కో కంపెనీ బస్సుకో పరుగెత్తేవాళ్ళు. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలంటే కార్ట్రిడ్జ్ అవుతుంది. సేఫ్టీ రేజర్‌తో చెయ్యి తిరిగాక కూడా నాకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు నాకు ఇష్టం. మీకు అవి దొరక్కపోతే ఇంట్లో రెండూ పెట్టుకోవచ్చు. మామూలు రోజుల్లో కార్ట్రిడ్జ్, ఆదివారం సేఫ్టీ రేజర్. అలా వాడే స్నేహితులు నాకు ఇద్దరున్నారు.

సేఫ్టీ రేజర్ వైపు మొగ్గితే

మొదటిసారి కొనేటప్పుడు రేజర్ కంటే బ్లేడు మీద ఎక్కువ ఆలోచించండి. రేజర్ తలలో రెండు రకాలు కనిపిస్తాయి. మూడు ముక్కలుగా విడిపోయేది ఒకటి, పిడి చివర తిప్పితే తల రెండు తలుపుల్లా తెరుచుకునేది ఇంకోటి. రెండోది బ్లేడు మార్చడానికి సులువు, కానీ ఉప్పు నీళ్ళ ఇళ్ళలో ఆ తలుపుల సందుల్లో గార పట్టి బిగుసుకుపోతుంది. బోరు నీళ్ళైతే మూడు ముక్కలదే తీసుకోండి. పళ్ళు బాగా తెరుచుకుని ఉన్న రకం మొదట్లో వద్దు, అంచు నిండుగా ఉన్న పలకది తీసుకోండి. పార్కర్, పర్ల్ లాంటివి మన దేశంలోనే తయారవుతున్నాయి. జర్మనీలోని జోలింగెన్‌లో చేసే మెర్కుర్‌కు మంచి పేరుంది, ధరా ఎక్కువే. మొదటి రేజర్‌కే అంత పెట్టనవసరం లేదు. ఇంట్లో నాన్నదో తాతదో పాత ఇత్తడి సెట్టు ఉంటే ఇంకేం కావాలి? వేడి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు వేసి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే శుభ్రపడుతుంది. బిగించాక బ్లేడు రెండు వైపులా సమంగా కనిపిస్తోందో లేదో చూసుకోండి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే ఆ పలక వంగిపోయిందని అర్థం, దాన్ని వాడొద్దు.

బ్లేడ్లలో జపాన్ వాళ్ళ ఫెదర్ చాలా పదును. దాని పేరు విని మొదటి రోజే తెచ్చుకునేవాళ్ళున్నారు. చెయ్యి కుదిరేదాకా దాని జోలికి వెళ్ళకండి. మన కొట్లలో దొరికే నాలుగు రకాల బ్లేడ్ల ప్యాకెట్లు ఒక్కోటి తెచ్చుకుని, ఒక్కో రకాన్ని వారం చొప్పున వాడి చూడండి. ఒకరి ముఖానికి పడిన బ్లేడు ఇంకొకరికి పడదు. ఇందులో గొప్పా తక్కువా లేదు.

గీసే ముందు గడ్డం మీద వేళ్ళతో నాలుగు వైపులా నిమరండి. ఎటు నిమిరితే మెత్తగా ఉందో అది వెంట్రుక వాలు. బుగ్గల మీద ఎక్కువగా పైనుంచి కిందికి ఉంటుంది. మెడ మీద అలా ఉండదు, కొందరికి అడ్డంగా, కొందరికి కింది నుంచి పైకి, నాకైతే కంఠానికి ఎడమ పక్క సుడిలా ఉంది. మొదటి నెల అంతా వాలు వెంటే గీయండి. మూత భాగాన్ని బుగ్గకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ వస్తే ఒకచోట అంచు వెంట్రుకకు తగిలి సన్నటి చప్పుడు వినిపిస్తుంది. పిడి దాదాపు ముప్పై డిగ్రీల వాలులో ఉంటుంది. అక్కడ ఆపి, అంగుళం పొడవున చిన్న చిన్న గీతలు గీయండి. రెండో చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకోండి. పక్కకు, అంటే బ్లేడు అంచు సాగే దిక్కున, ఎప్పుడూ జరపకండి. కూరగాయ కోసినట్టు తెగుతుంది.

రెండోసారి గీయాలంటే మళ్ళీ నురగ రాసుకోవాలి. ఎదురు గీయడం మాత్రం పొక్కులున్న మెడ మీద ఎప్పటికీ వద్దు. సెలూన్‌లో "ఎదురు కొట్టమంటారా" అని అడిగినా వద్దనే చెప్పండి. చేత్తో నిమిరితే కొంచెం గరుకు తగలనివ్వండి, ఆ గరుకే మెడను కాపాడుతుంది. అయిపోయాక చల్లటి నీళ్ళు, తర్వాత తడి చేసిన పటిక ఒకసారి. పటిక మండిన చోటల్లా మీరు ఆ రోజు అదిమారని గుర్తు, మర్నాడు అక్కడ చెయ్యి తేలిక చేసుకోండి. బ్లేడును తువ్వాలుతో తుడవకండి, అంచు పాడవుతుంది, వేలూ తెగుతుంది. విదిలించి, ఆరేలా నిలబెట్టండి, తడి బాత్రూమ్‌లో కాకుండా బయట. ఒకరి రేజర్ ఇంకొకరు వాడకూడదు, అన్నదమ్ములైనా సరే. రక్తం ద్వారా వచ్చే హెపటైటిస్ లాంటి జబ్బులకు కంటికి కనిపించనంత గాటు చాలు.

వాడేసిన బ్లేడు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం ఇది చాలా ముఖ్యం. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసిన బ్లేడు, పొద్దున్నే మన చెత్త ఎత్తే మనిషి చేతిని కోస్తుంది. వాళ్ళలో చాలామందికి చేతికి తొడుగు కూడా ఉండదు. పాత బూస్టు డబ్బానో, పౌడర్ డబ్బానో తీసుకుని మూతకు సన్నగా చీలిక పెట్టి, వాడిన బ్లేడ్లు అందులో వేస్తూ వెళ్ళండి. మా ఇంట్లో డబ్బా మొదలుపెట్టి ఏడేళ్ళయింది, ఇంకా నిండలేదు. నిండాక మూత చుట్టూ టేపు గట్టిగా వేసి, పైన "బ్లేడ్లు" అని రాసి, చెత్త బండి మనిషికి చెప్పి చేతికి ఇవ్వండి. కార్ట్రిడ్జ్‌లో ఈ ప్రమాదం తక్కువ. కానీ ప్లాస్టిక్కు, ఉక్కు కలిసిపోయి ఉంటాయి కాబట్టి దాన్ని విడదీసి మళ్ళీ వాడుకోవడం కష్టం.

మేనల్లుడి సంగతి చెప్పాలి. వాడిది ఇప్పుడిప్పుడే వస్తున్న గడ్డం, వారానికి ఒకసారి గీస్తే చాలు. హాస్టల్‌లో ఒక అద్దం ముందు నలుగురు నిలబడతారు, బ్లేడు విప్పి ఎక్కడ పెడతాడు? మెడ మీద రెండు పొక్కులు మాత్రం అప్పుడే కనిపించాయి, వాళ్ళ నాన్నలాగే ఉంగరాల వెంట్రుక. వాడికి ఒకే బ్లేడు ఉన్న చవక కార్ట్రిడ్జ్ రేజర్, ఆరు తలలు, ఒక బ్రష్, ఒక సబ్బు గిన్నె కొనిచ్చాను. అదమకుండా ఎలా గీయాలో మా బాత్రూమ్‌లోనే రెండుసార్లు చేయించాను. మా నాన్న కుర్చీలో కూర్చుని చూస్తూ "మెల్లగా రా, మెల్లగా" అంటున్నారు. ఆయన పాత రేజర్ శుభ్రం చేసి పెట్టాను. చదువయ్యాక సొంత గది దొరికినప్పుడు అడుగుతానని వాడే చెప్పాడు.